పాత వంటగదికి కొత్త కళ: కూల్చకుండా, తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాతిక ముప్పై ఏళ్ల కిందట కట్టిన మన ఇళ్లలో, అపార్టుమెంట్లలో వంటగదులు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. కడప బండతోనో నల్ల గ్రానైట్‌తోనో వేసిన గట్టు, దాని కింద బండలతో కట్టిన అరలు, గట్టు పైన రెండడుగుల మేర తెల్ల టైల్స్, ఆపైన డిస్టెంపర్, నెత్తిన సజ్జ. దీన్నంతా తీసేసి మాడ్యులర్ కిచెన్ పెట్టించే స్తోమత లేనివారు, స్తోమత ఉన్నా అంత అవసరం లేదనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

కూల్చకుండా వంటగది నిజంగా కొత్తగా కనిపిస్తుందా?

కనిపిస్తుంది. పాత వంటగదిలోకి అడుగుపెట్టగానే మనసు ముడుచుకుపోయేలా చేసేవి ముఖ్యంగా నాలుగు: ఏళ్ల తరబడి పేరిన జిడ్డు, నల్లబడ్డ టైల్ సందులు, చాలీచాలని వెలుతురు, చేతికందని చోట ఇరికించిన సామాను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ గోడ పగలగొట్టాల్సిన పని లేదు.

ఒక్క నియమం పెట్టుకుంటే ఖర్చు చేయి దాటదు. నీళ్ల పైపు, మురుగు పైపు, పొయ్యి ఉన్నచోటే ఉండాలి. సింకును ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చాలని అనుకున్న రోజే అది మరమ్మతు కాకుండా పోయి నిర్మాణం పని అవుతుంది. పైపు కోసం గచ్చు తవ్వాలి, గట్టు కోయాలి, టైల్స్ మళ్లీ వేయాలి.

అయితే శ్లాబు పెచ్చులు ఊడి లోపలి ఇనుము కనిపిస్తున్నా, గట్టు పగిలి ఒక వైపుకు కుంగినా, గోడలోపలి పైపు కారుతున్నా ఈ పైపై పనులు పనికిరావు. ముందు వాటి సంగతి చూడాలి.

ఏ పనితో మొదలుపెట్టాలి? వరుస ముఖ్యమా?

చాలా ముఖ్యం. వరుస తప్పితే చేసిన పనినే మళ్లీ చేయించాల్సి వస్తుంది. మొదట గది ఖాళీ చేయడం, తర్వాత నీళ్ల లీకులు, ఆ తర్వాత కరెంటు పని, ఆపైన జిడ్డు వదిలించడం, టైల్ సందులు, రంగు, చివరగా అరల తలుపులు, లైట్లు. కరెంటు పని రంగుకు ముందే ఎందుకంటే కొత్త ప్లగ్గు పెట్టాలన్నా గోడలో గాడి కొట్టక తప్పదు. జిడ్డు వదిలించడం రంగుకు ముందే ఎందుకంటే నూనె పొర మీద ఏ రంగూ నిలవదు, ఆరు నెలల్లో పొరలుగా లేస్తుంది.

గది ఖాళీ చేసేటప్పుడే సజ్జ మీది సామాను కూడా దించండి. చిల్లుపడిన బిందెలు, మూత పోయిన డబ్బాలు, ఎప్పుడో పాడైన మిక్సీ, ఎవరి పెళ్లికో ఇచ్చిన స్టీలు పళ్లాల కట్టలు. వీటిలో సగం తిరిగి పైకి ఎక్కించకపోతే చాలు, పైసా ఖర్చు లేకుండా వంటగది పెద్దదవుతుంది. పాత ఇత్తడి, రాగి పాత్రలు మాత్రం తొందరపడి తూకానికి వేయకండి. చింతపండుతో తోమి కిటికీ దగ్గర పెడితే ఏ అలంకరణ వస్తువూ వాటికి సాటిరాదు.

పొయ్యి వెనక గోడ మీద, సజ్జ అడుగున పేరుకున్న జిడ్డు ఎలా పోతుంది?

ఈ పని మీద పెట్టే శ్రమకు వచ్చినంత ఫలితం మరే పనికీ రాదు. కాబట్టి ఓపిగ్గా చేయండి.

పోపు వేసిన ప్రతిసారీ సన్నని నూనె తుంపర గాలిలోకి లేస్తుంది. అది గోడకు, సజ్జ అడుగుకు, ట్యూబులైటుకు, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలకు అంటుకుంటుంది. వేడికి, గాలికి ఆ నూనె క్రమంగా గట్టిపడి జిగురులా మారుతుంది, దాని మీద దుమ్ము పడుతుంది. మామూలు సబ్బు నీళ్లు దీన్ని పైపైన తుడుస్తాయే తప్ప కరిగించలేవు.

దీనికి పాత మందు చాకలి సోడా. కిరాణా కొట్లో చవకగా దొరుకుతుంది. ఒక లీటరు వేడి నీళ్లలో రెండు మూడు చెంచాల సోడా, నాలుగు చుక్కల పాత్రల సబ్బు వేసి కలపండి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే ఇది చర్మాన్ని మండిస్తుంది. పాత నూలు గుడ్డను ఆ నీళ్లలో ముంచి, పిండి, జిడ్డు ఉన్నచోట టైల్స్‌కు అతికినట్టు పరిచి పది నిమిషాలు వదిలేయండి. తీసేసరికి గుడ్డ పసుపు, గోధుమ రంగులు కలిసిన చారలతో వస్తుంది. అప్పుడు ప్లాస్టిక్ పీచుతో రుద్దితే మిగిలింది జారిపోతుంది. చివర రెండుసార్లు మంచినీళ్లతో తుడవాలి, లేకపోతే ఆరాక తెల్లని పొర కనిపిస్తుంది. మందంగా జిడ్డు కట్టిన మూలల్లో మొదట పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి, తర్వాత సోడా గుడ్డ వేయండి.

అల్యూమినియం వస్తువుల మీద చాకలి సోడా వాడకండి, నల్లబడతాయి. వంటసోడా వేరు, చాకలి సోడా వేరు. వంటసోడా మెత్తగా రుద్దడానికి పనికొస్తుంది గానీ ఇంతటి జిడ్డును కదిలించే బలం దానికి లేదు.

బాత్రూం యాసిడ్ వేస్తే త్వరగా పోతుంది కదా?

వంటగదిలోకి దాన్ని రానీయకండి. యాసిడ్ జిడ్డును కరిగించదు. అది కరిగించేది సున్నాన్ని, సిమెంటును. అంటే టైల్స్ మధ్య ఉన్న తెల్ల సిమెంటును తినేస్తుంది, స్టీలు సింకు మీద గుంటలు పెడుతుంది. కడప బండ సున్నపురాయి జాతిది కాబట్టి దాని మెరుపును క్షణాల్లో తీసేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో గానీ బ్లీచింగ్ ద్రావణంతో గానీ కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. ఇరుకు గదిలో అది ప్రాణాపాయం.

మా గట్టు కడప బండ. అక్కడక్కడ తెల్లగా, గరుకుగా అయింది. ఏం చేయాలి?

నిమ్మకాయ పిండినచోట, చింతపండు పులుసు ఒలికినచోట, ఊరగాయ జాడీ అడుగున గుండ్రంగా ఏర్పడే తెల్ల మచ్చలు మరకలు కావు. పులుపు రాయిని కొంచెం తినేసిందన్నమాట. ఎంత కడిగినా పోవు. సన్నని నీటి ఎమరీ కాగితం, 400 నుంచి మొదలుపెట్టి 800, 1200 నంబర్ల దాకా, నీళ్లు పోస్తూ గుండ్రంగా రుద్దితే ఉపరితలం సమమవుతుంది. గట్టు మొత్తం పాడైతే రాయి పాలిష్ చేసేవారిని పిలిపించడం మేలు. యంత్రంతో ఒక పూటలో అయిపోతుంది, కొత్త గ్రానైట్ వేయించే ఖర్చులో అది చిన్న భాగం.

పాలిష్ అయ్యాక రాతికి పట్టించే సీలర్ రెండు పూతలు వేయించండి. రాయిలోకి ఇంకి నూనెను, పసుపును లోపలికి పోనివ్వదు. ఆహారం తగిలే చోట వాడవచ్చని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. కొబ్బరినూనె రాస్తే నల్లగా నిగనిగలాడుతుందని కొందరు రాస్తారు. నిజమే, వారం రోజులు బాగుంటుంది. వంటగట్టు మీద మాత్రం ఆ నూనెకు దుమ్ము పట్టి మళ్లీ జిడ్డే మిగులుతుంది.

గ్రానైట్ మీద నూనె మరక పోతుందా?

చాలావరకు పోతుంది. వంటసోడాను కొద్ది నీళ్లతో చిక్కటి ముద్దలా కలిపి మరక మీద పావు అంగుళం మందాన పరచి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి అంచులు టేపుతో అంటించండి. ఒక రోజు ఆగి కవరు తీసి, ముద్ద ఆరేదాకా వదిలేయండి. ఆరుతూ ఆరుతూ లోపలి నూనెను పైకి లాగుతుంది. మొండి మరకకు రెండు మూడుసార్లు చేయాలి.

టైల్స్ బాగానే ఉన్నాయి. సందులు మాత్రం నల్లగా, పసుపుగా ఉన్నాయి. టైల్స్ మార్చాల్సిందేనా?

అక్కర్లేదు. సందులు కొత్తవైతే టైల్స్ కూడా కొత్తవాటిలాగే కనిపిస్తాయి. మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని పని ఇది.

పాత ఇళ్లలో టైల్ సందులు తెల్ల సిమెంటుతో నింపేవారు. దానికి సన్నని రంధ్రాలుంటాయి, పసుపును, నూనెను పీల్చేస్తుంది. పైన మళ్లీ తెల్ల సిమెంటు పూస్తే రెండు నెలల్లో రాలిపోతుంది, పట్టుకోవడానికి కింద చోటు లేదు కాబట్టి. సరైన పద్ధతి ఏమిటంటే పాత సిమెంటును రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు గీకి తీయడం. విరిగిన హ్యాక్‌సా బ్లేడుకు గుడ్డ చుట్టి పట్టుకున్నా సరిపోతుంది. సందు నుంచి బూడిద రంగు పొడి రాలుతూ, అడుగున శుభ్రమైన తెలుపు కనిపించేదాకా గీకాలి. టైల్ అంచు పెచ్చు లేవకుండా బ్లేడును సందు మధ్యలోనే నడపాలి. తర్వాత బ్రష్షుతో పొడి దులిపి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి.

నింపడానికి పొయ్యి వెనక గోడకూ సింకు చుట్టూ ఎపాక్సీ గ్రౌట్ వాడండి. మామూలు గ్రౌట్ కన్నా ఖరీదైనదే, కానీ పసుపును అంత త్వరగా పట్టదు, నీళ్లు పీల్చదు. రెండు భాగాలు కలిపాక త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకుని, టైల్ మీద అంటినదాన్ని అప్పటికప్పుడే తుడవాలి. ఆరిపోయాక ఆ పొరను తీయడం నరకం. మిగతా గోడలకు మామూలు పాలిమర్ గ్రౌట్ సరిపోతుంది. పూర్తి తెలుపు కన్నా లేత బూడిద రంగు ఎంచుకుంటే ఏళ్ల తరబడి శుభ్రంగా కనిపిస్తుంది.

గట్టూ గోడా కలిసే మూలలో మాత్రం గ్రౌట్ వద్దు. వేడికి, బరువుకు ఆ రెండూ కొద్దికొద్దిగా కదులుతుంటాయి, గట్టి పదార్థం ఏదైనా అక్కడ పగులుతుంది. బూజు పట్టని సిలికాన్ గీత వేసి ఒక రోజు తడి తగలకుండా ఉంచండి.

టైల్స్ రంగే నచ్చడం లేదు. పెయింట్ వేయవచ్చా, స్టిక్కర్లు అంటించవచ్చా, పాత టైల్స్ మీదే కొత్తవి వేయవచ్చా?

మూడూ చేయవచ్చు, మూడూ అన్నిచోట్లా నిలవవు.

టైల్స్ కోసమే తయారైన రెండు భాగాల ఎపాక్సీ పెయింట్ పొడిగా ఉండే గోడ మీద బాగుంటుంది. పొయ్యి వెనక రోజూ వేడి, నూనె, రుద్దుడు తగిలే చోట గీతలు పడి పెచ్చులు లేస్తుంది.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే వెండి రంగు, పాలరాయి రంగు స్టిక్కర్ షీట్లను పొయ్యి దగ్గర అంటించవద్దనే గట్టిగా చెబుతాను. వేడికి జిగురు వదులై అంచులు లేస్తాయి, ఆ అంచుల కింద నూనె చేరుతుంది, దాని వెనక బొద్దింకలు కాపురం పెడతాయి. అరల లోపల, డబ్బాల కింద పరచుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

పాత టైల్ మీద కొత్త టైల్ వేయించడం నిలిచే పనే, ఒక షరతు మీద. మొదట పాత టైల్స్ అన్నింటినీ నాణెంతో తట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చినవి తీసేసి అక్కడ సమం చేయాలి. సిమెంటుతో కాకుండా, టైల్ మీద టైల్ వేయడానికి అని సంచి మీద రాసి ఉన్న జిగురుతోనే అంటించాలి. గోడ మందం అరంగుళం దాకా పెరుగుతుంది కాబట్టి స్విచ్ బోర్డులను, కుళాయి అంచులను ముందుకు తేవాల్సి వస్తుందని లెక్కలో వేసుకోండి. గోడ మొత్తం అక్కర్లేదు. పొయ్యి వెనక నాలుగైదు అడుగుల వెడల్పున మంచి టైల్స్ వేసి మిగతావి శుభ్రం చేసుకున్నా చూపు అక్కడే నిలుస్తుంది.

గట్టు కింద కడప బండల అరలు తీసేసి మాడ్యులర్ పెట్టెలు పెట్టించమంటున్నారు. పెట్టించాలా?

వద్దు. బండలు పగలకుండా ఉన్నంతకాలం వాటిని తీయకండి. ఆ బండలకు చెద పట్టదు, నీళ్లకు ఉబ్బవు, యాభై కిలోల బియ్యం బస్తా పెట్టినా వంగవు. తక్కువ ధరకు వచ్చే మాడ్యులర్ పెట్టెలు చాలావరకు పార్టికల్ బోర్డువి. సింకు కింద ఒక్కసారి నీళ్లు నిలిస్తే ఆ బోర్డు ఉబ్బి పొడిపొడిగా రాలుతుంది, మళ్లీ పూర్వపు రూపానికి రాదు. ముప్పై ఏళ్లు నిలిచిన రాతిని తీసేసి, తడికి తట్టుకోలేని పెట్టెను తెచ్చుకోవడానికి డబ్బు పోయడం నాకు ఎప్పుడూ సబబుగా అనిపించలేదు.

ఆ అరలతో అసలు ఇబ్బంది రెండు: బయటికి కనిపించే గందరగోళం, వెనక పెట్టిన వస్తువు దొరక్కపోవడం. మొదటిదానికి తలుపులు, రెండోదానికి బుట్టలు.

తలుపుల కోసం అరల ముందు అల్యూమినియం చట్రం బిగిస్తారు. మరలు ఇటుక గోడలోకే దిగాలి, బండలోకి డ్రిల్ చేస్తే అంచు చిట్లుతుంది. తలుపు పలకకు అల్యూమినియం షీటు, పీవీసీ, ప్లైవుడ్ ఏదైనా సరే. నేలకు, తలుపు అడుగు అంచుకు మధ్య మూడు నాలుగు అంగుళాలు వదలండి, గచ్చు కడిగినప్పుడు తడవదు. రెండడుగుల లోతున్న అరల్లో, అర వెడల్పుకు సరిపోయే పొడవాటి ప్లాస్టిక్ లేదా స్టీలు ట్రేలు పెట్టుకోండి. పప్పుల ట్రే లాగితే వెనక డబ్బా కూడా ముందుకొస్తుంది. ఖరీదైన సొరుగులు చేసే పని ఇదే.

ఊరగాయ జాడీల అరకు తలుపు లేకపోయినా ఫర్వాలేదు. గాలి ఆడుతుంది, చూడటానికీ బాగుంటాయి.

పాత చెక్క తలుపులు ఉన్నాయి. మార్చాలా, బాగుచేయించాలా?

చెక్కను గోటితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బాగుచేయించండి. పాత టేకు తలుపులకు మడతబందులు, పిడులు మార్చి, ఎమరీ కాగితంతో రుద్ది రంగు వేస్తే మరో పదేళ్లు నిశ్చింత. పిడులు మార్చేటప్పుడు పాత రంధ్రాల మధ్య దూరం కొలుచుకుని అదే కొలత ఉన్నవి తెస్తే కొత్త రంధ్రాలు అక్కర్లేదు. ప్లైవుడ్ తలుపుల మీద సన్‌మైకా లేచిపోయి ఉంటే, పాతది పూర్తిగా తీసి ఒక మిల్లీమీటరు మందం ఉన్న కొత్తది అంటించవచ్చు. ప్లైవుడ్ పొరలుగా విడిపోయి ఉంటే మాత్రం దాని మీద డబ్బు పెట్టకండి.

కొత్త ప్లైవుడ్ కొనాల్సి వస్తే పలక మీది ముద్ర చూడండి. ఐఎస్ 710 అంటే నీటిని తట్టుకునే మెరైన్ రకం. ఐఎస్ 303 సాధారణ వాడకానికి. సింకు కింద భాగానికి మొదటిదే కావాలి, దూరంగా ఉన్న పై అరలకు రెండోది చాలు. ఏదైనా సరే, కోసిన అంచులన్నీ పట్టీతో మూయించండి. నీళ్లు ముందు దూరేది అక్కడి నుంచే.

వంటగదిలో పగలు కూడా చీకటిగా ఉంటుంది. ఏ లైట్లు పెట్టాలి?

ఎక్కువ ఇళ్లలో ఒకే ట్యూబులైటు గది మధ్యలోనో, గట్టుకు ఎదురు గోడ మీదో ఉంటుంది. మనం గట్టు వైపు తిరిగి నిలబడగానే మన నీడే కూరగాయల మీద పడుతుంది. ఎంత పెద్ద లైటు పెట్టినా ఆ నీడ పోదు. వెలుగు మనకు ముందు నుంచి రావాలి. కాబట్టి గట్టు పైన ఉన్న సజ్జ లేదా అర అడుగున, ముందు అంచుకు దగ్గరగా, ఒక సన్నని ఎల్ఈడీ పట్టీ బిగించండి. కత్తిపీట దగ్గర, సింకు దగ్గర, పొయ్యి పక్కన వెలుగు పడాలి. పొయ్యికి సరిగ్గా పైన వద్దు.

గది మధ్య పాత 40 వాట్ల ట్యూబు స్థానంలో 20 వాట్ల ఎల్ఈడీ పెడితే కరెంటు సగానికి తగ్గుతుంది, వెలుగు తగ్గదు. రంగు విషయంలో 4000 కెల్విన్ అని రాసి ఉన్నది తీసుకోండి. 6500 నీలం ఛాయతో ఉంటుంది, అందులో ఉల్లిపాయ ఎంత వేగిందో సరిగా తెలియదు.

కిటికీ అద్దాలను, దోమల జాలీని చాకలి సోడాతో కడగడం మాత్రం లైట్లు కొనడానికి ముందే చేయండి. అల్యూమినియం జాలీ అయితే పాత్రల సబ్బు చాలు.

ప్లగ్గులు సరిపోవడం లేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నెట్టుకొస్తున్నాం. ఫర్వాలేదా?

వంటగదిలో అది ప్రమాదం. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి మన 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే. ఇండక్షన్, మైక్రోవేవ్, ఓవెన్‌లకు 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్త్ ఉండాలి. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఇక్కడ వద్దు. తడి చేతులతో పనిచేసే గది కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించండి. లీకేజీ కరెంటును పసిగట్టి క్షణంలో సరఫరా ఆపేస్తుంది.

గ్యాస్ విషయంలో ఏం చూసుకోవాలి?

నారింజ రంగు సురక్ష ట్యూబు మీద తయారైన సంవత్సరం ముద్రించి ఉంటుంది. ఐదేళ్లు దాటితే మార్చండి. ట్యూబు పొడవు మీటరున్నర మించకూడదు, సొరుగుల వెనక, గోడ లోపల దాగి ఉండకూడదు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు కాబట్టి లీకైతే నేల దగ్గరే పేరుకుంటుంది. అందుకే సిలిండరు అరకు తలుపు పెడితే దాని అడుగు భాగంలో రంధ్రాలో జాలీయో ఉండి తీరాలి. నున్నటి మూసిన తలుపు అందంగా ఉంటుందని ఒప్పుకోకండి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి.

చిమ్నీ కొనాలా, ఎగ్జాస్ట్ ఫ్యాను చాలా?

పొయ్యికి దగ్గర్లో బయటి గోడ ఉంటే 9 అంగుళాల మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను చాలా ఇళ్లకు సరిపోతుంది. దాన్ని రెండు మూడు నెలలకోసారి విప్పి కడగాలి. గదిలోకి మరో వైపు నుంచి గాలి వచ్చే దారి కూడా ఉండాలి, అన్ని తలుపులూ మూసి ఫ్యాను వేస్తే లాగడానికి గాలి ఉండదు.

రోజూ వేపుళ్లు, హాల్లోకి తెరుచుకునే వంటగది అయితే చిమ్నీకి పెట్టిన డబ్బు వృథా కాదు. పొగ గొట్టం 6 అంగుళాలది, వీలైనంత తిన్నగా, బయటికి తెరుచుకునేది ఉండాలి. ప్రతి వంపుకూ లాగే శక్తి తగ్గుతుంది. ఎత్తు కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే పెట్టించండి, సాధారణంగా పొయ్యి నుంచి 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటుంది. పొయ్యికీ చిమ్నీకీ మధ్య సజ్జ అడ్డొస్తే దాన్ని కోయించే ఆలోచన మానుకుని ఫ్యానుతోనే సరిపెట్టుకోండి.

సింకు, కుళాయి మార్చడం అవసరమా?

సింకు చిల్లు పడకపోతే అవసరం లేదు. వంటసోడా ముద్దతో గీతల దిశలో రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది. ఇనుప పీచు వాడితే దాని ముక్కలు ఇరుక్కుని తుప్పు మచ్చలు వస్తాయి. మార్చాల్సి వస్తే గట్టులో ఉన్న రంధ్రం పొడవు వెడల్పులు కొలుచుకుని, అదే కొలతలో 304 రకం స్టీలు సింకు తీసుకోండి.

కుళాయి మాత్రం మార్చదగినదే. పొడవాటి, అటూ ఇటూ తిరిగే ముక్కున్న ఇత్తడి కుళాయి పెద్ద గిన్నెలు కడగడాన్ని ఎంత సులువు చేస్తుందో వాడితే తెలుస్తుంది. బోరు నీళ్ల ఉప్పు పట్టి ధార సన్నబడితే, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లను చిన్న ప్లాస్టిక్ సంచిలో పోసి కుళాయి మూతికి అరగంట కట్టి ఉంచండి. తర్వాత బాగా కడగండి.

గట్టు ఎత్తు తక్కువ. నడుము నొప్పి వస్తోంది. ఎత్తు పెంచాలంటే కూల్చాలి కదా?

ముందు కొలవండి. మోచేతిని వంచి నిలబడితే మోచేయి ఉన్న ఎత్తుకు నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉంటే తరగడానికి హాయిగా ఉంటుంది. పాత గట్లు 30, 32 అంగుళాలవి చాలా ఉన్నాయి. అయితే పొయ్యి దానంతట అదే ఐదారంగుళాలు ఎత్తు ఉంటుంది, పైన గిన్నె మరింత ఎత్తు. కాబట్టి వండటానికి ఆ గట్టు సరిపోయినట్టే. ఇబ్బంది తరిగేచోటే. అక్కడ కాళ్లున్న మందపాటి చెక్క పీట ఒకటి వడ్రంగి చేత చేయించి పెట్టుకుంటే చాలు. గ్రైండరుకు పల్లపు గట్టే మంచిది, పిండి తీయడం తేలిక.

రంగు ఏది, ఎలా వేయించాలి?

డిస్టెంపర్ మీద నేరుగా కొత్త రంగు వేయనివ్వకండి. గీకి తీయాలి, సోడా నీళ్లతో కడగాలి, రెండు రోజులు ఆరనివ్వాలి. పొయ్యి పైన పొగచూరిన చోట నూనె ఆధారిత ప్రైమర్ వేస్తే ఆ మరక కొత్త రంగులోంచి బయటికి రాదు. గుంతలున్న చోట మాత్రమే లప్పం, తర్వాత కడగడానికి వీలైన, కొద్దిగా మెరుపున్న ఎమల్షన్ రెండు పూతలు. లేత రంగు గది వెలుతురు పెంచుతుంది. అచ్చ తెలుపు కన్నా మీగడ రంగు, లేత పసుపు మన వంటలకు తగినవి. కిటికీ చువ్వలకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి ఎనామిల్ వేయించండి.

గోడ చెమ్మగా ఉంటే రంగు ఆపి, ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి.

బొద్దింకలు?

మందు కొట్టడానికి ముందు దారులు మూయండి. సింకు పైపు నేలలోకి దిగే చోట చుట్టూ ఉన్న ఖాళీ, గట్టు కింద పగుళ్లు, స్విచ్ బోర్డు వెనక సందులు. వీటిని సిమెంటుతో, సిలికాన్‌తో మూసి, మురుగు రంధ్రానికి జాలీ పెట్టాక జెల్ మందు చుక్కలు పెడితే ఫలితం నిలుస్తుంది.

అద్దె ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

వెళ్లేటప్పుడు పట్టుకుపోగలిగినవి: లైట్లు, ట్రేలు, తరిగే పీట, మేకు కొట్టకుండా నిలబడే స్టీలు స్టాండు. జిడ్డు వదిలించడం, సందులు నింపడం యజమానికి కూడా లాభమే కాబట్టి, మీ శ్రమకు ఆయన సామాను ఖర్చు పెట్టుకుంటారేమో ముందే అడగండి.

వాస్తు ప్రకారం ఏమైనా ఇబ్బందా? ఎప్పుడు మొదలుపెడితే మంచిది?

పొయ్యి ఆగ్నేయంలో ఉన్నా, మరెక్కడున్నా మనం దాన్ని కదపడం లేదు. కాబట్టి కొత్తగా వచ్చే వాస్తు ప్రశ్న ఏమీ లేదు. కాలం విషయానికొస్తే సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది లోపు అన్నివిధాలా అనువు. గోడలు పొడిగా ఉంటాయి, రంగు త్వరగా ఆరుతుంది. వానాకాలం వద్దు. ఎండాకాలం రంగుకు మంచిదే గానీ ఆవకాయ పెట్టే రోజుల్లో గట్టు ఖాళీగా ఉండాలి మరి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

ఊరిని బట్టి, కూలి రేట్లను బట్టి చాలా మారుతుంది. 8 అడుగులు, 10 అడుగుల గదికి ఉజ్జాయింపుగా చెప్పాలంటే, శుభ్రం మీరే చేసుకుని సందులు, లైట్లు, కుళాయి వరకు ఆగితే పది పదిహేను వేలు. రంగు, కరెంటు పని, గట్టు పాలిష్ కలిస్తే ముప్పై నలభై వేలు. అరలన్నిటికీ తలుపులు కూడా అయితే అరవై డెబ్బై వేల దాకా వెళ్తుంది. ఒకేసారి పెట్టనక్కర్లేదు. వరుస తప్పకుండా ఏడాదిలో మూడు విడతలుగా చేసుకున్నా ఏదీ వృథా కాదు.

మేం విదేశాల్లో ఉంటాం. ఊళ్లో అమ్మానాన్నల వంటగది బాగుచేయించాలి. ఏం గుర్తుంచుకోవాలి?

అమ్మను అడగకుండా డబ్బా కూడా జరపకండి. చీకట్లో కూడా ఉప్పు ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. పెద్దవాళ్లకు పనికొచ్చేవి: గట్టు మీద పడే వెలుతురు, రోజూ వాడే వస్తువులన్నీ మోకాలికీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండటం, సింకు ముందు జారని పట్టా, వేళ్ల నొప్పులున్నా తిప్పగలిగే మీట కుళాయి. సజ్జ మీదికి ఎక్కే అవసరమే లేకుండా చేయండి. మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అదే ఆగే పొయ్యి దొరుకుతుంది, అది కొనివ్వండి. మీ రెండు వారాల సెలవులోనే అంతా ముగించాలని తొందరపెడితే తడి గోడ మీదే రంగు పడుతుంది.

పని జరిగే రోజుల్లో వంట ఎలా?

హాల్లో ఒక బల్ల మీద ఇండక్షన్ పొయ్యి, కుక్కరు, పోపుల పెట్టె, నాలుగు గిన్నెలు. ముందురోజే పొడులు, పచ్చళ్లు సిద్ధం చేసుకుంటే అన్నం ఒక్కటి వండితే చాలు. పొడి రేగే పనులన్నీ ఒకే రోజున పెట్టించండి.

పనివాళ్లతో ఎలా మాట్లాడుకోవాలి?

మేస్త్రి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, పెయింటర్ ఒక్కొక్కరితో విడిగా, చదరపు అడుగుకా, మొత్తం పనికా అన్నది కాగితం మీద రాసుకోండి. తలుపుల ధరలో మడతబందులు, పిడులు కలిశాయా, చెత్త ఎవరు తీసుకెళ్తారు, ఏ రకం గ్రౌట్, ఏ రకం ప్లైవుడ్ అన్నవీ రాయండి. సామాను మీరే కొని తెస్తే రకం మారే అవకాశం ఉండదు. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. చివరి విడత మాత్రం సింకు నిండా నీళ్లు పట్టి, ఒక్కసారిగా వదిలి, కింది పైపు అతుకులన్నీ చేత్తో తడిమి పొడిగా ఉన్నాయని చూసుకున్నాకే ఇవ్వండి.